ఆవలి యొడ్డునకు రైలు

అమెరికా వాయవ్య కోణమున, సియాటిల్ నగరమునకు తూర్పున, వాషింగ్టన్ సరస్సు ఉత్తర దక్షిణములుగా పొడవున పఱచుకొని యున్నది. దాని కావలి యొడ్డున బెల్‌వ్యూ, కర్క్‌లాండ్, రెడ్‌మండ్, ఇంకను తూర్పున మెట్టమీద సమామిష్, దానికి దిగువన ఇసాక్వా కలవు. ఒకనాడు తోటలును పాడి క్షేత్రములును గల పల్లెలుగా నుండి, పిదప సియాటిల్ ఉద్యోగుల నివాసస్థానములై, 1986లో మైక్రోసాఫ్టు సంస్థ తన ప్రధాన కార్యాలయమును రెడ్‌మండునకు మార్చుకొన్న తరువాత ఈ ప్రాంతము తానే యొక ఉద్యోగ కేంద్రమైనది. తెలుగునాటనుండి వెళ్లి అచట కాపురముండు కుటుంబములు వేలకొలది కలవు. నగరపు రైలును ఈ యొడ్డునకు కొనిపోవలెనా, కొనిపోయినచో ఏ వీధిగుండ, ఎవరి ధనముతో నను వివాదము అర్ధశతాబ్దికి మించి సాగినది. ఆ వివాదచరిత్ర యంతయు చదివినపుడు నాకు తోచినదేమనగా, అనుకూలురును ప్రతికూలురును గూడ కారు నడపగలవారి సౌకర్యాసౌకర్యములనే తూచుచు వచ్చిరి గాని, కారు నడపలేనివారి లెక్క అందు బహుస్వల్పముగా వచ్చినది.

సియాటిల్ వారు నిర్మించినది లైట్ రైల్. మన హైదరాబాదు మెట్రో ఆద్యంతము స్తంభములపైననే నడచుచుండగా, ఈ బండి పైన కట్టిన తీగనుండి విద్యుత్తును గ్రహించుచు, అవసరమును బట్టి వీధి నడుమను, వంతెనమీదను, సొరంగములోను పోగలదు. సుమారు 95 అడుగుల పొడవుగల పెట్టెలను నాలుగింటివఱకు గూర్చి ఒక బండిగా నడిపెదరు. ఎట్లయినను పోగలదను నీ సుగుణమే వివాదమునకును మూలమైనది. వీధిలో వేసిన చౌక, సొరంగము త్రవ్విన ఖరీదు. కావున ప్రతి పేటవారును తమ యింటిముందు సొరంగమునే కోరుదురు.

ఈ కథకు తొలి ఘట్టము 1968 ఫిబ్రవరిలో జరిగినది. జిమ్ ఎల్లిస్ అను న్యాయవాది నాయకత్వమున 'ఫార్వర్డ్ థ్రస్ట్' అను పేర కొన్ని ప్రజాహిత నిర్మాణములకు ఋణపత్రములు జారీ చేయుటకై ఓటర్ల యనుమతి కోరిరి. అందు రైలుమార్గ మొకటి. వ్యయమున అధికభాగమును కేంద్ర ప్రభుత్వమే భరించును. ఓటువేసినవారిలో సగముకంటె కొంచె మెక్కువమంది సమ్మతించిరి. కాని అట్టి ఋణమునకు నూటికి అఱువదిమంది సమ్మతి యుండవలెనని శాసనము. రెండేండ్లకు మరల అడిగిరి. అప్పటికి బోయింగ్ విమాన కర్మాగారమున వేలాది యుద్యోగములు పోయి, నగరము దిగులులో మునిగి యుండుటచే, ఈమాఱు సగము మందియు ఒప్పుకొనలేదు. సియాటిల్ కొఱకు ఉద్దేశించిన కేంద్ర ధనము, సుమారు తొంబదికోట్ల డాలర్లు, అట్లాంటా నగరమునకు పోయినది. 1979 నాటికి అట్లాంటాలో రైలు నడచుచుండెను. సియాటిల్‌లో తొలి లైట్ రైల్ బండి కదలుటకు 2009 జూలై రావలసి వచ్చినది. వలదన్నచో ధనము మిగులునని తలచిన ఓటరును నేను నిందింపను. ఉద్యోగము పోయిన యింట ఆ తలంపు సహజము. అయినను ఆ నలువది యేండ్లలో ఆవలి యొడ్డున వెలసిన పేటలన్నియు కారును నమ్ముకొని వెలసినవి. ఇల్లొకచోట, అంగడి యొకచోట, బడి యొకచోట. అట్టి ఊళ్ల నడుమకు తరువాత రైలును తెచ్చుట ఎన్నిమడుంగులో కష్టమైనది.

ఆ కష్టములలో నన్ను మిక్కిలి ఆశ్చర్యపఱచినది సరస్సును దాటుట. వాషింగ్టన్ సరస్సు రెండువందల యడుగులకు మించిన లోతు గలది. అడుగున మెత్తని బురద. స్తంభములు నిలుపుట దుర్ఘటమగుటచే, బోలుగానున్న కాంక్రీటు పేటికలను వరుసగా నీటిపై తేల్చి, ఉక్కుతాళ్లతో అడుగునకు లంగరువేసి, వానిపై రహదారి పఱచిరి. ఇట్టి తేలెడి వంతెన 1940లో మొదటిది కట్టిరి. దాని ప్రక్కన 1989లో రెండవది. మొదటి దానిని బాగుచేయుచుండగా 1990 నవంబరులో గాలివానకు దానిలో కొంతభాగము మునిగిపోయినది గూడ. ఈ వంతెనలమీదుగా పోవు మహామార్గపు నడిమి దారులను ఎప్పటికైనను ప్రజారవాణాకు మార్చవచ్చునని 1976లోనే ఇరుయొడ్డుల పురపాలకులును ఒడంబడిక వ్రాసికొనిరి. ఆ దూరదృష్టి లేకున్నచో నేడు రైలునకు చోటే యుండెడిది కాదు.

కాని తేలెడి వంతెన నిశ్చలముగా నుండదు. ఋతువును బట్టి నీటిమట్టము హెచ్చి తగ్గుచుండును, గాలికి ప్రక్కకు ఒరగును, బండి యెక్కినంతనే బరువునకు క్రుంగును. తేలెడి భాగము కదలని భాగముతో కలియుచోట కారు చక్రము సులభముగా దాటగలదు గాని, ఇనుపపట్టా హఠాత్తుగా వంగజాలదు. అందుచే ఆ కూడలియందు కీళ్లపై తిరుగు ఉక్కు చట్రములను అమర్చి, ఆ వంపును కొంత దూరమునకు పంచిపెట్టునట్లు ఇంజనీర్లు కల్పన చేసి, నిజమైన పరిమాణముతో ఒక నమూనాను కొలరాడో రాష్ట్రమునందలి ప్యూబ్లో పరీక్షాక్షేత్రమున నిర్మించి, దానిపై బండి నడిపి చూచిరి. పట్టాలనుండి విద్యుత్తు కాఱి పేటికలలోని ఉక్కును తినివేయకుండ ప్రత్యేకముగా కట్టుదిట్టము చేసిరి. ఇంత చేసియు, పట్టాల క్రింది కాంక్రీటు దిమ్మెలను గుత్తదారులు సరిగా పోయకపోవుటచే వానిని పడగొట్టి మరల పోయవలసి వచ్చి, 2023లో కావలసిన సరస్సుదాటు పని 2026నకు జరిగినది. ఈలోపల తూర్పుయొడ్డున సిద్ధమైన భాగమును మాత్రము 2024 ఏప్రిలులో తెఱచి, 2025 మేలో రెడ్‌మండ్ నడిబొడ్డు వఱకు పొడిగించిరి.

బెల్‌వ్యూలో జరిగిన పోరాటము వేఱొక తీరుది. అచటి పెద్ద వాణిజ్యసముదాయమునకు అధిపతియగు కెంపర్ ఫ్రీమన్, పెట్రోలు పన్నుతో వేసిన రహదారిని రైలునకిచ్చుట రాష్ట్ర రాజ్యాంగమునకు విరుద్ధమని న్యాయస్థానమున కెక్కెను. రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానము 2011లోను, 2013లోను ఆ వాదమును త్రోసిపుచ్చినది. బస్సులు చాలును, అవి చౌక, దారి మార్చుకొనగలవు అనువారి వాదము మాత్రము తేలికగా త్రోసివేయదగినది కాదు. ఇండ్ల ప్రక్కనుండి రైలు పోవుటకు కొన్ని పేటలవారు ఎదురుతిరిగిరి. తుదకు పురపాలక సంఘము తన వంతు ధనమిచ్చి నగరమధ్యమున చిన్న సొరంగమును సాధించుకొన్నది. ఇదే కాలమునకు కొంత ముందు, సియాటిల్ దక్షిణమున పేదలును, వలసవచ్చిన నానాజాతులవారును నివసించు రెయినియర్ వ్యాలీ ప్రజలును సొరంగమునే కోరి, న్యాయస్థానమున ఓడిపోయిరి. అచట బండి నేటికిని వీధి నడుమనే పోవుచున్నది. పాదచారులకు, వాహనములకు ప్రమాదములు తఱచుగా జరుగుచున్నవి. ధనమున్న పేటకు సొరంగము, లేని పేటకు వీధి అనుట న్యాయము కాదని నా దృఢమైన యభిప్రాయము.

ధనము మాట వచ్చినది గావున ఒక్క ముక్క. 2016 నవంబరులో ఓటర్లు సుమారు 5,400 కోట్ల డాలర్ల విస్తరణమునకు అనుమతి నిచ్చిరి. కింగ్, స్నోహోమిష్ కౌంటీలు ఔనన్నవి. దక్షిణమునందలి పియర్స్ కౌంటీలో అధికసంఖ్యాకులు కాదన్నను, మొత్తముమీద లెక్కించుటచే వారును పన్ను చెల్లింపవలసినవారైరి. ఏటేటా కారునకు చెల్లించు పన్నులో వాహనపు విలువను అంగడి ధరకంటె హెచ్చుగా లెక్కకట్టుటచే జనులు మండిపడి, 2019లో దానిని రద్దుచేయుటకు రాష్ట్రమంతట ఓటువేసిరి. ఆ శాసనమును మఱుసటి యేడు న్యాయస్థానము కొట్టివేసినది. ఆ కోపమునకు హేతువున్నది. సదుద్దేశముతో వేసిన పన్నయినను లెక్క తప్పుగా కట్టినచో విశ్వాసము నశించును.

ఇన్ని వాదములలో నేను వెదకి కానరాక పోయిన మనుష్యులెవరనగా, మన తెలుగు ఇండ్లలో సందర్శకుల వీసాపై ఆఱునెలలకై వచ్చి కొడుకుల కడను కూఁతుళ్ల కడను ఉండు తలిదండ్రులు. పిల్లలు ఉదయము పనికి పోయిన తరువాత వారికి ఇల్లే లోకము. కూరగాయల అంగడి రెండు మైళ్లు, గుడి పది మైళ్లు. కారు నడపుట రాదు, వచ్చినను ఆ దేశపు రహదారిపై ధైర్యము చాలదు. సొంత ఊరిలో నడచి బజారునకు పోయివచ్చిన మనిషి అచట కిటికీకడ కూర్చుండి శనివారమునకై ఎదురుచూచును. ఆ స్థితి వారొక్కరిదే కాదు. పదునాఱేండ్లు నిండని బాలురది, చూపు మందగించిన అమెరికను వృద్ధులది, కారు కొనజాలని వంటయిండ్ల పనివారిదియు నదియే. ఎంతమంది కార్లు వదలి రైలెక్కుదురను లెక్కతో మార్గపు విలువను కట్టువారు, అదివఱకు గడప దాటలేనివాడు దాటగలుగుటను ఏ పద్దులో వ్రాయుదురు?

ఈ దృష్టితో చూచినపుడు మార్గముకంటె స్టేషను ఎచట నున్నదను విషయమే ముఖ్యము. 2024 ఆగస్టులో ఉత్తరమున లిన్‌వుడ్ వఱకు వేసిన మార్గము భూసేకరణ సులువని మహామార్గము ప్రక్కనే పోయినది. స్టేషనునకు ఒక వైపున నివాసములకు మాఱుగా హోరెత్తు వాహనప్రవాహము. రెడ్‌మండ్ టెక్నాలజీ స్టేషనుకడ అట్లు గాక, మహామార్గముపైగా నడచిపోవు వంతెన కట్టి ఇరువైపుల వారిని కలిపిరి; ప్రతిచోటను చేయదగిన పని యది. మనవారు విశేషముగా నివసించు సమామిష్‌నకు రైలు ప్రణాళికలోనే లేదు. అచటివారు మెరీమూర్ స్టేషనుదాక కారులో వచ్చి, దానిని అచట నిలిపి, బండి యెక్కవలసినదే. కారు లేనివానికి పదిహేను నిమిషముల కొకటి చొప్పున పగలంతయు నడచు బస్సు ఆ మెట్టమీదనుండి దిగనిదే, స్టేషను అతనికి లేనట్లే.

ఇసాక్వా మార్గము 2044నకు గాని రాదని ప్రణాళిక. వ్యయము లెక్కలు నానాటికి పెరుగుచుండుటచే అదియు నిశ్చయము కాదు. అచట స్టేషన్ల స్థలములు తుదిగా నిర్ణయింపబడకముందే, విచారణ సభలను సాయంకాలము పురమందిరమున గాక, పగటివేళ గ్రంథాలయములలోను, గుళ్లలోను, అంగళ్లకడను జరిపి, తెలుగు మొదలుగాగల భాషలలో అడుగుటకు మనుష్యులను ఏర్పఱచి, కారు లేనివారు ప్రతిదినము ఎచటికి పోగోరుదురో వ్రాసికొని, ఆ పటమును ఇంజనీర్ల బల్లపై మొట్టమొదట నుంచవలెను. అచటి తెలుగు సంఘములు పండుగలకు వందలమందిని ఒకచోట చేర్చగలవు. ఈ పనికి ఆ పెద్దలను ఒక మధ్యాహ్నము చేర్చుట వాటికి అసాధ్యము కాదు.