భారీ పంపులు – గొట్టాల అనుసంధానం

కరీంనగర్ జిల్లా లక్ష్మీపూర్ వద్ద భూగర్భంలో నిర్మించిన గాయత్రి పంపుహౌస్‌లో ఏడు మహాయంత్రాలున్నాయి. ఒక్కొక్క మోటారు సామర్థ్యం 139 మెగావాట్లు. 2019లో అవి గోదావరి జలాలను నూరు మీటర్లకు పైగా ఎత్తిపోసినప్పుడు చూపరుల కన్నులు ఉవ్వెత్తున ఎగసిన నీటిమీదనే నిలిచాయి. ఆ నీరు నడిచివచ్చిన గొట్టాన్ని గమనించినవారు అరుదు. ఎరువుల కర్మాగారాలలో, చమురుశుద్ధి కేంద్రాలలో, విద్యుత్కేంద్రాలలో పనిచేసే పంపులు ఇంత పెద్దవి కావు. అయినప్పటికీ వాటన్నింటికీ వర్తించే సూత్రాలు కొన్ని ఉన్నాయి. పంపు మొరాయిస్తే యంత్రాన్ని నిందించడం లోకరీతి. పరీక్షించి చూస్తే దోషం తరచుగా దానికి తగిలించిన గొట్టంలో బయటపడుతుంది.

పంపు స్థాపన పునాదితో ఆరంభమవుతుంది. కాంక్రీటు దిమ్మె బరువు పంపు, మోటారుల మొత్తం బరువుకు కనీసం మూడింతలు ఉండాలన్నది ఇంజనీర్లు వాడుకలో పాటించే లెక్క. దిమ్మెపై ఇనుప పీఠాన్ని నిలిపి, సన్నని లోహపు రేకులతో మట్టం సరిచేసి, అడుగున ఖాళీ మిగలకుండా గ్రౌటు పోస్తారు. గ్రౌటు పూర్తిగా గట్టిపడేవరకు గొట్టాన్ని పంపు దరికి చేర్చరాదు. తొందరపాటుకు ఇక్కడ చోటు లేదు.

గొట్టం బరువును పంపు మోయరాదు అన్నది ఈ విద్యలో ప్రథమ సూత్రం. ఒక మీటరు వ్యాసం గల గొట్టంలో ప్రతి మీటరు పొడవుకు సుమారు 785 కిలోల నీరు నిలుస్తుంది; ఉక్కు బరువు దానికి అదనం. ఈ భారమంతా ఆధారస్తంభాలమీద, వేలాడదీసిన కొక్కేలమీద పడాలి. పంపును తొలగించినా గొట్టం ఉన్నచోటనే నిలిచి ఉండాలి.

అసలు చిక్కు చివరి అంచు వద్ద ఎదురవుతుంది. దూరంనుంచి అతుకుతూ వచ్చిన గొట్టం పంపు ఫ్లాంజికి కొద్ది మిల్లీమీటర్ల ఎడంగా ఆగిపోతుంది. అప్పుడు చైన్‌పుల్లీతో లాగి, గడ్డపారతో ఎత్తి, బోల్టులు బిగించాలన్న కోరిక పుడుతుంది. పని ముగిసినట్లే కనిపిస్తుంది. కాని లాగిన బలం ఎక్కడికీ పోదు. అది పంపు దేహంలో దాగి ఉంటుంది. దేహం స్వల్పంగా వంకర తిరుగుతుంది, ఇరుసు వరుస తప్పుతుంది, బేరింగులు వేడెక్కుతాయి, సీలు కారడం మొదలవుతుంది. అందువలన అనుభవజ్ఞులు చివరి ముక్కను ముందుగా సిద్ధం చేయించరు. స్థలంలో కొలతలు తీసి, కోసి, అతికిస్తారు. అతికేటప్పుడు వెల్డింగు విద్యుత్తు పంపు గుండా ప్రవహించకుండా ఎర్తు తీగను గొట్టానికే, అతుకు పక్కనే తగిలించడం అవసరం. లేనిచో బేరింగుల నునుపు దెబ్బతింటుంది.

రెండు ఫ్లాంజిలు సమాంతరంగా నిలిచి, బోల్టులు చేతితోనే రంధ్రాలలోకి జారాలి. ఆ తరువాత ఇరుసువద్ద డయల్‌గేజి అమర్చి, ఎదురెదురు బోల్టులను విడతలు విడతలుగా బిగిస్తారు. ముల్లు 0.05 మిల్లీమీటర్లకు మించి కదిలితే బోల్టులు విప్పి గొట్టాన్ని సవరించవలసిందే. వెంట్రుక మందం కంటె తక్కువైన ఈ కొలతకై ఒక దినమంతా వెచ్చించే ఫిట్టరును చూసి మందగొడి అనుకోవడం పొరపాటు.

వేడి ద్రవాలు ప్రవహించే గొట్టాలకు మరొక బాధ ఉంది. పది మీటర్ల ఉక్కు గొట్టం నూరు డిగ్రీల సెల్సియస్ వేడెక్కితే దాదాపు 12 మిల్లీమీటర్లు పొడవు పెరుగుతుంది. ఆ పెరుగుదలకు వంపులో, మడతల జాయింటులో చోటు కల్పిస్తారు. అయితే మడతల జాయింటు పీడనానికి సాగిపోతుంది. ఒక మీటరు వ్యాసం, చదరపు సెంటీమీటరుకు పది కిలోల పీడనం ఉన్నచోట ఆ తోపు 78 టన్నులు దాటుతుంది! దానిని పట్టి ఉంచే కడ్డీలు గాని, కాంక్రీటు దిమ్మె గాని లేకపోతే పంపే స్థానం తప్పుతుంది.

పీల్చే గొట్టం పొట్టిగా, తిన్నగా ఉండడం మేలు. వ్యాసం తగ్గించేచోట సమతలమైన వైపు పైకి ఉండాలి. లేకపోతే పైన గాలి చిక్కుకుంటుంది.

నడుస్తున్న కర్మాగారంలో పంపును విప్పడం మరింత ప్రమాదకరం. 1988 జూలై 6న ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు వేదికపై ఒక పంపుకు చెందిన రక్షణ వాల్వును పరీక్షకోసం తొలగించి, గొట్టం నోటికి మూతపలక బిగించారు. వాల్వు లేదన్న సంగతి రాత్రి విధుల వారికి చేరలేదు. రెండవ పంపు ఆగిపోగా వారు మొదటిదానిని నడపడానికి పూనుకున్నారు. మూతపలక గట్టిగా బిగియనందున వాయువు వెలువడిందని విచారణ సంఘం భావించింది. పేలుళ్లలో, మంటలలో 167 మంది అసువులు బాశారు.  ఒక కాగితం చేతులు మారలేదు, అంతే. అందుకే పంపును ముట్టుకునే ముందు విద్యుత్తును ఆపి స్విచ్చుకు తాళం వేస్తారు. తాళంచెవి పనిచేసేవాని వద్దనే ఉంటుంది. వాల్వులు మూసి, పీడనం సున్నా అయినదని నిర్ధారించుకొని, గొట్టానికి తగిన పీడనాన్ని తట్టుకొనే పలక అడ్డుపెడతారు. పని పూర్తికాకుండా విధులు మారితే అనుమతిపత్రాన్ని తరువాతివారికి ముఖాముఖి అప్పగిస్తారు.

తొలిసారి నడిపేముందు పంపును నీటితో నింపి, గాలిని వెడలగొట్టి, మోటారు తిరిగే దిశను కప్లింగు విప్పి ఉంచి చూస్తారు. కేంద్రాపగామి పంపును సాధారణంగా తోసే వాల్వు మూసి ప్రారంభించి, వెంటనే నెమ్మదిగా తెరుస్తారు. మూసి ఎక్కువసేపు నడిపితే లోని నీరు కాగిపోతుంది. కొన్ని గంటలు నడిచి యంత్రం వేడెక్కిన తరువాత దానిని ఆపి, తాళం వేసి, ఇరుసు వరుసను డయల్‌గేజితో మరొకసారి కొలుస్తారు.