లెక్కలోకి రాని పరుగులు

మా బొల్లాపల్లి వైపు ఆడపిల్ల పరుగెత్తిందంటే రెండే కారణాలు. వినుకొండ బస్సు కదిలిపోతూ ఉండాలి, లేదా కల్లంలో ఆరబోసిన మిరపకాయల మీదికి వాన వస్తూ ఉండాలి. మూడో కారణం ఒకటి ఉండవచ్చునని మా పెద్దవాళ్లకు తోచదు. బడి పందేల్లో మొదట వచ్చిన పిల్లను చూసి వాళ్ల నాయనమ్మ, "ఎవరు తరిమారే నిన్ను?" అని అడిగిందట! నవ్వుకున్నాను గాని, ఆ ప్రశ్నకు జవాబుగా మరొక తెలుగు పిల్ల కథ చెప్పాలనిపించింది.

ఆ పిల్ల యర్రాజి జ్యోతి. 1999 ఆగస్టు 28 న విశాఖపట్నంలో పుట్టింది. తండ్రి కాపలా ఉద్యోగి. తల్లి నాలుగిళ్లలో పనిచేస్తూ, ఆసుపత్రిలో శుభ్రం చేసే పనికీ వెళ్లేది. పోర్టు హైస్కూల్లో వ్యాయామోపాధ్యాయుడు పిల్ల పొడగరి అని గమనించి హర్డిల్స్‌కు పనికివస్తుందనుకున్నాడు. 2016 లో హైదరాబాదు చేరి నాగపురి రమేశ్ దగ్గర సాధన చేసింది. తరువాత మన గుంటూరు శిక్షణ కేంద్రం, అటుపైన భువనేశ్వరంలో జేమ్స్ హిలియర్ అనే ఆంగ్లేయుని శిక్షణ.

ఈ పందెం సంగతి కొంచెం తెలుసుకోవాలి. నూరు మీటర్ల దారిలో పది అడ్డుకట్టెలు. ఒక్కొక్కటి 83.8 సెంటీమీటర్ల ఎత్తు. మొదటి కట్టె 13 మీటర్ల దూరాన ఉంటుంది. ఆపైన కట్టెకూ కట్టెకూ మధ్య ఎనిమిదిన్నర మీటర్లు. ఆ దూరాన్ని మూడే అంగల్లో దాటాలి. ఒక్క అంగ తప్పిందా, పందెం పోయినట్లే.

ఈ పందెంలో అనూరాధా బిశ్వాల్ 2002 లో నెలకొల్పిన జాతీయ రికార్డు 13.38 సెకండ్లు. 2020 జనవరిలో మూడబిదిరెలో జరిగిన విశ్వవిద్యాలయాల పోటీల్లో జ్యోతి 13.03 సెకండ్లలో పరుగెత్తింది. కాని ఆమెకు అక్కడ మత్తుమందుల పరీక్ష జరగలేదన్న కారణంగా దానిని రికార్డుగా ఒప్పుకోలేదు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09. ఈసారి గాలి అడ్డువచ్చింది! వెనుకనుంచి వీచే గాలి సెకండుకు 2 మీటర్లు మించరాదని నియమం, ఆనాడు 2.1 ఉన్నది. పదోవంతు మీటరు గాలికి ఆమె శ్రమ లెక్కలో లేకుండా పోయింది.

మనలో ఎవరమైనా అయితే ఏమి చేసేవాళ్లం? జ్యోతి మళ్లీ పరుగెత్తింది. 2022 మే 10 న సైప్రస్ దీవిలోని లిమసోల్‌లో 13.23. ఇరవై ఏళ్ల రికార్డు అప్పుడు చెరిగింది. ఆ నెలలోనే దానిని మరి రెండుసార్లు తానే సవరించి 13.04 కు తెచ్చింది. 2023 ఆగస్టులో చైనాలోని చెంగ్డూలో 12.78.

అదే సంవత్సరం అక్టోబరు 1 న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మరొక పరీక్ష. తుపాకి పేలకముందే పక్క వరుసలోని చైనా అమ్మాయి వూ యన్ని కదిలింది. ఆ వెంటనే జ్యోతీ కదిలింది. అధికారులు మొదట జ్యోతినే తప్పుకోమన్నారు. ఆమె తలవంచుకుని వెళ్లిపోలేదు. వాదించింది. తిరిగి చిత్రం చూసిన మీదట ఇద్దరినీ పరుగెత్తనిచ్చారు. జ్యోతి 12.91 సెకండ్లతో మూడవదిగా వచ్చింది. తరువాత వూ యన్నిని అనర్హురాలిగా తేల్చడంతో రజతం మన అమ్మాయికి దక్కింది.

2024 లో పారిస్ ఒలింపిక్సులో ఈ పందెం పరుగెత్తిన తొలి భారతీయురాలు జ్యోతి. అక్కడ 13.16, 13.17 సెకండ్లతో ముందుకు వెళ్లలేకపోయింది. ప్రపంచ రికార్డు 12.12 అని గుర్తుంచుకుంటే, ఇంకా ఎంత దూరమున్నదో తెలుస్తుంది. మరుసటి మే నెలలో కొరియాలోని గుమిలో, వానలో తడిసిన దారిపై, 12.96 తో ఆసియా స్వర్ణాన్ని రెండోసారి గెలుచుకున్నది. ఆ తరువాత మోకాలికి గాయమై శస్త్రచికిత్స చేయించుకోవలసి వచ్చింది. మూడు అంగలనూ మళ్లీ మొదటినుంచి కూడబెట్టుకోవలసిన పని అది.

నాయనమ్మగారి ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇది: ఎవరూ తరమకపోయినా, పరుగెత్తింది లెక్కలోకి రాకపోయినా, మళ్లీ పరుగెత్తవచ్చు. ఈసారి మన ఇంటి పిల్ల బస్సూ వానా లేకుండానే పరుగెత్తితే, ఎందుకని అడగకండి. ఒక జత మంచి బూట్లు కొనిపెట్టండి.