గుడ్డు, పాలు పెట్టినా ఎదగని పిల్లలు

ఢాకాలోని మీర్‌పూర్ మురికివాడలో వయసుకు తగ్గ ఎత్తు లేని పసిపిల్లలకు పరిశోధకులు రోజూ గుడ్డు, పాలు పెట్టించారు. అయినా చాలామందిలో ఎదుగుదల కనిపించలేదు. తిన్నది ఒంటికి పట్టడం లేదు.

కారణం వెతకడానికి అక్కడి ఐసీడీడీఆర్‌బీ ఆరోగ్య పరిశోధన సంస్థ వైద్యుడు తహ్మీద్ అహ్మద్, అమెరికా శాస్త్రవేత్త జెఫ్రీ గోర్డన్ బృందాలు 110 మంది పిల్లలకు ఎండోస్కోపీ చేయించాయి. వాళ్ల సగటు వయసు ఏడాదిన్నర. పేగు వాపు రుజువైన 80 మంది నమూనాల్లో 14 రకాల బ్యాక్టీరియా ఉమ్మడిగా కనిపించాయి. అవి ఎంత ఎక్కువుంటే బిడ్డ అంత పొట్టి. విచిత్రమేమంటే వీటిలో ఏదీ రోగకారకంగా పేరుపడింది కాదు. కొన్నయితే మామూలుగా నోట్లో ఉండేవే. చిన్నపేగులో గుంపుకట్టడమే చిక్కు. పిల్లల పేగుల్లోంచి తీసి పెంచిన బ్యాక్టీరియాను, ఏ సూక్ష్మజీవీ సోకకుండా పెంచిన ఎలుకల్లోకి పంపితే వాటి చిన్నపేగులూ దెబ్బతిన్నాయి. ఈ ఫలితాలు 2020లో వెలువడ్డాయి.

వాచిన పేగులో ఆంత్రచూషకాలు, అంటే లోపలి గోడ మీది సన్నని వేళ్లలాంటి మడతలు, కురచబారతాయి. పోషకాలను పీల్చుకునే చోటు తగ్గిపోతుంది. విరేచనాలు లేకపోయినా ఇది లోలోపల సాగుతుంది కాబట్టి తల్లికి తెలిసే దారి లేదు.

ఒక్క శుభ్రతతోనే ఈ ఎదుగుదల లోపం సరికాలేదు. బంగ్లాదేశ్, కెన్యా, జింబాబ్వేల్లో మంచినీళ్లు, మరుగుదొడ్లు, చేతుల శుభ్రతపై జరిపిన పెద్ద ప్రయోగాల్లో పిల్లల ఎత్తు పెరగలేదు. బంగ్లాదేశ్‌లో విరేచనాలు మాత్రం తగ్గాయి. ఆ మేలు చిన్నది కాదు.

2021లో అదే మీర్‌పూర్ నుంచి ఆశ కలిగించే కబురు వచ్చింది. ఈసారి బక్కచిక్కిన 123 మంది పిల్లలతో ప్రయోగం. పేగులోని బ్యాక్టీరియాను దృష్టిలో పెట్టుకుని శనగపిండి, పల్లీల పిండి, సోయాపిండి, పచ్చి అరటికాయ కలిపిన ఆహారాన్ని కొందరికి, బియ్యం, పప్పులతో చేసిన మామూలు పోషకాహారాన్ని మిగతావారికి మూడు నెలలు తినిపించారు. మొదటిదాంట్లో కేలరీలు తక్కువ. అయినా అది తిన్న పిల్లలే వేగంగా బరువు పెరిగారు. ఎత్తులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

మన దేశంలోనూ ఈ సమస్య ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లే. అంగన్‌వాడీలో బిడ్డ ఎదగలేదని తేలగానే సరిగ్గా తినిపించడం లేదంటూ తల్లిని వేలెత్తి చూపడం అన్యాయం. అలాగని మీర్‌పూర్ ప్రయోగంలోని ఆ నాలుగు దినుసులూ ఇంట్లో కలిపి పెడితే వైద్యం అయిపోదు. పేగులో ఏ బ్యాక్టీరియా పెరుగుతుందో పరీక్షించి ఎంచిన పాళ్లవి. వాటికి నూనె, చక్కెర, విటమిన్లు, ఖనిజాలు కూడా కొలత ప్రకారం కలిపారు.