అవహిత్థము, నిర్వేదము: పాత చలనచిత్రములలో భావనిగ్రహము

భరతుడు చెప్పిన ముప్పదిమూడు వ్యభిచారి భావములలో అవహిత్థ మొకటి. ఆకారమును దాచుట దాని లక్షణము. లజ్జ, భయము, అపజయము, గౌరవము మొదలగునవి దానికి విభావములు. వేరొక మాట చెప్పుట, మాటను నడుమ తెంచుట, కృతక ధైర్యము మొదలగునవి అనుభావములు. మన విద్యార్థులు దీనిని పట్టికలో నొక పేరుగా కంఠస్థము చేసి, పరీక్ష ముగిసినంతనే మరచుచున్నారు. బోధించు మనమును అంతకంటె మేలుగా లేము. కాని పాత చలనచిత్రములలోని కరుణమును పరిశీలింపబూనిన వారికి ఇది మిక్కిలి పదునైన పరికరము.

ముందుగా బ్రిటిష్ చిత్రము నొకదానిని చూతము. నోయెల్ కవర్డ్ నాటిక ఆధారముగా, డేవిడ్ లీన్ దర్శకత్వమున 1945లో వెలువడిన 'బ్రీఫ్ ఎన్‌కౌంటర్' కథ చాల చిన్నది. వివాహిత యైన లారా, వివాహితుడైన వైద్యుడు అలెక్ ఒక రైల్వేస్టేషనులో కలిసికొని, ప్రేమించి, విడిపోవుదురు. కడపటి వీడ్కోలు స్టేషను ఫలహారశాలలో. సరిగా ఆ క్షణమున లారాకు పరిచితురాలైన యొక వదరుబోతు వచ్చి వారి బల్లకడనే కూర్చుండును. అలెక్ లేచి, లారా భుజముపై ఒక్కమారు చేయి వేసి, వెడలిపోవును. అంతే. వేరు మాటలాడుట, మాట తెగుట, తెచ్చిపెట్టుకొన్న ధైర్యము, ఈ మూడును ఆ బల్లకడ నున్నవి. మరి అణచిన దుఃఖ మెటుపోయినది? రఖ్మానినోవ్ పియానో సంగీతములోనికి, రైలు చప్పుడులోనికి, భర్త ఎదుట నుండియు అతనికి వినిపింపని లారా స్వగతములోనికి పోయినది. మెలోడ్రామా అను పదమున 'మెలోస్' అనగా గానము. పాత్ర మౌనము వహింపగా, గానము వెలుపల నుండి పలుకుచున్నది.

మన పద్యనాటకమున గానము పాత్ర కంఠముననే యుండెను. దుఃఖము వచ్చిన పద్యము, పద్యము వెంట రాగము, రాగము వెంట 'వన్స్‌మోర్'. చచ్చినవాడు లేచి, పద్యము మరల పాడి, మరల చచ్చుటయు కద్దు! బళ్లారి రాఘవ (1880-1946) ఈ రాగాతిశయమును నిరసించి సహజ నటనను ప్రతిపాదించినాడు. కనుక నిగ్రహము సినిమాతో దిగుమతి యైనదనుట పొరపాటు.

నాగయ్య 1904లో గుంటూరు మండలమున జన్మించినను, రంగస్థల మెక్కినది చిత్తూరున. ఆ యూరే ఆతని ఇంటిపేరైనది. అచ్చటి రామవిలాస సభ నాటకములలో పాడి పేరొందిన గాయకుడాతడు. 1938లో 'గృహలక్ష్మి'తో తెరకు వచ్చినాడు. కడపటి వరుస వరకు పంపిన కంఠమును చేరువనున్న మైకునకు తగినట్లు తగ్గించుకొనుటయే ఆతని అసలు సాధన యని నా తలంపు. కె.వి. రెడ్డి 'యోగి వేమన' (1947)లో అన్న కూతురు జ్యోతి మరణము కథకు మలుపు. ప్రాణప్రదమైన బిడ్డ పోగా వేమన విరాగి యగును. సన్నివేశము పచ్చి మెలోడ్రామా; నటన మాత్రము కాదు. నాగయ్య గొంతు దించును, శరీరమును దాదాపు కదలింపడు. తన పాటలను తానే పాడుకొను నటుడు శ్రుతి తప్పకుండ పాడవలెనన్న వెక్కి యేడ్వరాదు. గాయకుని శ్వాసనియమమే ఇచట నటుని నిగ్రహమైనది.

అయిన నిది అవహిత్థమా? కాదు. లారా నిగ్రహమునకు విభావము లోకభీతి. వేమన దుఃఖమును ఎవరినుండియు దాచుట లేదు; దుఃఖము నుండియే తొలగుచున్నాడు. అది నిర్వేదము, శాంతమునకు త్రోవ. వెలికి ఒక్కటిగా కనబడు ఈ రెంటిని 'సంయమనము' అను నొకే మాటతో సరిపుచ్చుట మన చలనచిత్ర విమర్శలో తరచు జరుగుచున్నది. దాని వలన నాగయ్యను పాశ్చాత్య నటుల సరసన నిలిపి మెచ్చుకొనుటయే కాని, ఆతడు చేసినదేమో తెలియకున్నది.

తెలుగున అచ్చమైన అవహిత్థము కావలెనన్న కడప మండలమువాడైన బి.ఎన్. రెడ్డి తీసిన 'మల్లీశ్వరి' (1951)ని చూడవలెను. రాణివాసము చేరిన మల్లికి, శిల్పియై నగరమునకు వచ్చిన బావను గుర్తెరిగినట్లు కనబడుటయే అపాయము. ఆ భయము విభావము. భానుమతి చూపు ఒక త్రోవను, మాట వేరొక త్రోవను నడచుట అనుభావము.