సెల్ఫ్ తిరుగని పాత ట్రాక్టరు

వాన కురిసి, దమ్మునకు నీరు నిలిచిన దినమున ట్రాక్టరు కదలకపోయినచో రైతునకు కలుగు నష్టము ఒక పూట బాడుగతో తీరునది కాదు. నారు ముదురును, కూలివారు వేరొక పొలమునకు పోవుదురు, నీటి వంతు తప్పును. అట్టి తొందరలో తాళము త్రిప్పగా సెల్ఫ్ పలుకనిచో, పలువురు మొదట చేయు పని సెల్ఫ్ మోటారును విప్పి పట్టణమునకు గొనిపోవుట. అచ్చట నది బల్లపై చక్కగా తిరుగును. చూచినందులకు కూలి యిచ్చి, తిరిగి వచ్చి బిగించినపుడు ట్రాక్టరు వెనుకటివలెనే మూగగా నిలుచును. దోషము సెల్ఫ్‌లో లేదు, దానికి చేరు త్రోవలో నున్నది.

కావున సెల్ఫ్‌ను విప్పుటకు ముందు, బ్యాటరీ నుండి సెల్ఫ్ వరకును, సెల్ఫ్ నుండి మరల బ్యాటరీ వరకును విద్యుత్తు నడచు దారినంతయు వరుసగా పరీక్షింపవలెను. ఇందులకు గొప్ప సామగ్రి యక్కరలేదు. రెండు స్పానర్లు, ఉప్పుకాగితము, వంటసోడా, వోల్టులు చూపు మీటరు ఒకటి చాలును. మీటరు ఖరీదు స్వల్పమే గాన సంఘమునకొకటి కొని యుంచుకొనుట మంచిది.

తీగల జోలికి పోకముందు ఇంజను తిరుగునో లేదో చూడవలెను. గేరును న్యూట్రలులో నుంచి, ఇంజను నాపు కడ్డీని లాగి, ముందరి క్రాంకు పుల్లీ నట్టునకు స్పానరు తగిలించి నెమ్మదిగా త్రిప్పవలెను. డీజిలు ఇంజనులో గాలి యొత్తిడి యధికము గాన బరువుగానే తిరుగును, కాని తిరుగవలెను. బొత్తిగా కదలనిచో పిస్టను పట్టియుండవచ్చును, లేదా హెడ్డు గ్యాస్కెట్టు చెడి నీరు సిలిండరులో చేరియుండవచ్చును. నీరు గాలివలె నణగదు. అట్టి ఇంజనును మరియొక ట్రాక్టరుతో లాగించినచో కనెక్టింగు రాడ్డు వంగి, చిన్న పనితో పోవునది పెద్ద ఖర్చగును. ఇంజెక్టరులను విప్పించి చేతితో త్రిప్పిన యెడల నీరు పైకి చిమ్మును. అప్పుడు ముఖము దూరముగా నుంచుకొనవలెను.

ఇంజను తిరుగుచున్నచో, ముందరి దీపములు వెలిగించి, ఒకరు సీటుపై కూర్చుండి సెల్ఫ్ కొట్టవలెను. మరియొకరు దీపములను చూడవలెను. దీపపు కాంతి యేమాత్రము తగ్గక, ఏ చప్పుడును లేకున్నచో సెల్ఫ్‌నకు ఆజ్ఞయే చేరలేదని తెలిసికొనవచ్చును. తాళము స్విచ్చి, ఫ్యూజు, సోలినాయిడునకు వచ్చు సన్నని తీగ, గేరు లేక క్లచ్చి వద్ద నుండు రక్షణ స్విచ్చి, ఈ నాలుగింటిని చూడవలెను. పాత బండ్లలో నీ కడపటి స్విచ్చి బురదతో పట్టుకొనుట తరచు. 1946 మొదలు 1956 వరకు ఇంగ్లండులోని కవెంట్రీ నగరమున తయారైన ఫెర్గూసన్ టీఈ 20 ట్రాక్టరులో గేరు కడ్డీని ‘ఎస్’ గుర్తునకు నెట్టిననే గాని సెల్ఫ్ తిరుగదు. బండి గేరులో నుండగా కదలకుండుటకే యీ యేర్పాటు. దీని సంగతి మరల చెప్పుదును.

దీపములు మసకబారి, సోలినాయిడు టకటక కొట్టుకొనినచో విద్యుత్తు చాలకున్నదని యర్థము. ఇదియే యెక్కువగా తటస్థించునది. మోటారు గిర్రున తిరిగి ఇంజను తిరుగనిచో బెండిక్సు జారుచున్నదనియో, ఫ్లైవీలు రింగు పండ్లు అరిగినవనియో గ్రహింపవలెను. అది విప్పక తప్పని పని.

‘దీపములు వెలుగుచున్నవి, హారను మ్రోగుచున్నది, బ్యాటరీలో లోపమేమున్నది?’ అని కొందరందురు. ఈ మాటయే పెక్కుమందిని దారి తప్పించుచున్నది. ముందరి దీపము రమారమి 4 ఆంపియరులు తీసికొనును. డీజిలు ఇంజనును త్రిప్పు సెల్ఫ్‌నకు కొన్ని వందల ఆంపియరులు కావలెను. తీగ కొనయందు చిలుము పట్టి ఓములో నూరవ వంతు అడ్డము కలిగినదనుకొందము. 4 ఆంపియరులు పోవునపుడు అచ్చట నష్టమగునది 0.04 వోల్టు, కంటికి తెలియదు. 300 ఆంపియరులు పోవలసినపుడు 3 వోల్టులు అచ్చటనే పోవును. 12 వోల్టుల బ్యాటరీలో మూడు త్రోవలోనే పోయిన పిమ్మట సెల్ఫ్‌నకు మిగులునదేమి? తూములో చెత్త యడ్డుపడినను కుండలు నింపుకొనుటకు నీరు వచ్చును, మడి తడియుటకు మాత్రము చాలదు.

కావున బ్యాటరీ కొనలను విప్పి శుభ్రము చేయుట మొదటి చికిత్స. బండి శరీరమునకు చేరిన తీగను ముందు విప్పవలెను, దానినే చివర బిగింపవలెను. లేనిచో స్పానరు ఇనుమునకు తగిలి నిప్పురవ్వలు లేచును. కొన్ని పాత ఇంగ్లీషు ట్రాక్టరులలో ప్లస్ కొనయే శరీరమునకు చేర్చబడియుండును గాన, చూచుకొనక తీగలు మార్చరాదు. తెల్లని పొడిని వంటసోడా కలిపిన వేడినీటితో కడుగవలెను గాని, ఆ నీరు బ్యాటరీ లోపలికి పోరాదు. ఆరిన పిదప ఉప్పుకాగితముతో లోహము మెరయునట్లు రుద్ది బిగించి, పైన వాసలీను పూయవలెను.

శరీరమునకు చేరిన ఎర్త్ తీగను మరువరాదు. దమ్ములో తిరుగు బండికి ఈ తీగ రెండవ కొన బురదలో నాని, రంగు క్రింద త్రుప్పు పట్టియుండును. పైకి బిగువుగానే తోచును. మీటరు దాచదు. ఇంజను నాపు కడ్డీని లాగియుంచి, ఒకరు సెల్ఫ్ కొట్టుచుండగా, మీటరు కొనలలో నొకటి బ్యాటరీ ఎర్త్ కొనకును, రెండవది సెల్ఫ్ శరీరమునకును ఆనింపవలెను. 0.2 వోల్టునకు మించి చూపినచో ఆ త్రోవలో దోషమున్నది. అట్లే రెండవ ప్రక్క బ్యాటరీ కొనకును సెల్ఫ్ లావు తీగ బోల్టునకును నడుమ అర వోల్టు దాటరాదు. ఒకసారికి 10 సెకండులకన్న నెక్కువ సెల్ఫ్ కొట్టరాదు, నడుమ రెండు నిమిషములు చల్లారనీయవలెను.

బ్యాటరీ విషయము క్లుప్తముగా చెప్పెదను. కొన్ని గంటలు విశ్రమించిన పిదప 12.6 వోల్టులున్నచో నిండుగా నున్నది. 12.2 అయిన సగము. 12కు దిగినచో ఛార్జి పెట్టవలెను. సెల్ఫ్ కొట్టునపుడు 9.6కు దిగువకు పడినచో ఛార్జి చేసి మరల చూడవలెను, అప్పటికిని పడినచో మార్చక తప్పదు. ఛార్జి పెట్టునపుడు మండెడు వాయువు వెలువడును, దగ్గర బీడీ కాల్చరాదు.

ఇక వెనుక చెప్పెదనన్న సంగతి. సెల్ఫ్ పలుకనపుడు నేలపై నిలిచి, సోలినాయిడు బోల్టులకు స్క్రూడ్రైవరు అడ్డము పెట్టి స్టార్టు చేయుట అనేకులకు వాడుక. ఇట్లు చేసినచో రక్షణ స్విచ్చి పనిచేయదు. గేరు న్యూట్రలులో లేనిచో ఇంజను అంటుకొనుటయు, బండి ముందుకు దూకుటయు ఒక్క క్షణమున జరుగును. చేయి పెట్టి నిలుచున్న చోటు సరిగా వెనుక చక్రమునకు ముందరనే. ఈ విధముగా పలువురు ప్రాణములు గోలుపోయిరి. రక్షణ స్విచ్చి చెడినచో మార్పింపవలెను గాని, దానిని తప్పించి తీగ కలుపరాదు. ఇంటిలోని పిల్లవానికి ఈ స్క్రూడ్రైవరు విద్య నేర్పకుండుట మరియు ముఖ్యము.

ఇవి యన్నియు సరిగా నుండియు తిరుగనిచో అప్పుడు సెల్ఫ్‌ను విప్పవచ్చును. దుకాణములో కార్బన్లు, బుష్షులు ముందు చూపింపుడని యడుగవలెను. బుష్షు అరిగినచో ఆర్మేచరు ప్రక్కకు వ్రాలి, బల్లపై తేలికగా తిరిగినను ఇంజను బరువు పడినంతనే రాచుకొని నిలిచిపోవును. మార్చిన పాత సామానును తిరిగి యిమ్మనవలెను. బిగించునపుడు సెల్ఫ్ మొగము ఇంజనునకు ఆనుచోట రంగు, గ్రీజు, బురద లేకుండ గీకవలెను. విద్యుత్తు తిరిగి పోవునది ఆ ఇనుప మొగము ద్వారముననే గాన, కొత్తగా రంగు వేయించి తెచ్చిన సెల్ఫ్ మరునాడే తిరుగకపోవుట యిందువలన కలదు.