వాయించే చేతికి తగిన బేస్ గిటారు

సినిమా పాట వింటున్నప్పుడు గాయకుని కంఠం, వయొలిన్ల గుంపు, డ్రమ్ముల దరువు ఎవరికైనా విడివిడిగా తెలుస్తాయి. వీటన్నిటికీ అడుగున, మంద్రస్థాయిలో, అటు తాళాన్నీ ఇటు శ్రుతినీ మోస్తూ సాగే మరొక నాదం ఉన్నది. ఇళయరాజా సంగీతం కూర్చిన 1980ల నాటి తెలుగు పాటలు విన్నవారి చెవులలో ఆ నాదం ఇప్పటికీ ఉండే ఉంటుంది. దాని పేరు మాత్రం తెలియకపోవచ్చును. అది విద్యుత్ బేస్ గిటారు.

పాఠశాలలో గాని కళాశాలలో గాని వాద్యబృందం కట్టినప్పుడు విద్యార్థులలో ఎవరో ఒకరు ఈ వాద్యం పట్టవలసి వస్తుంది. కొనేటప్పుడు రంగు చూస్తారు, కంపెనీ పేరు చూస్తారు, పేరుపొందిన వాద్యకారుని చేతిలోనిది ఇదేనా అని చూస్తారు. చెక్క ఏ జాతిదని అడుగుతారు. ఆరు నెలలు తిరిగేసరికి మణికట్టు నొప్పి అని ఒకరు, కోరిన నాదం పలకడం లేదని మరొకరు దానిని అటకెక్కిస్తారు. ఇంట్లోవారు కూడబెట్టి ఇచ్చిన సొమ్ము దానితోపాటు అటకెక్కుతుంది. ఇందులో వాద్యం తప్పు లేదు, విద్యార్థి తప్పు అంతకన్నా లేదు. ఆ చేతికి ఆ వాద్యం పొసగలేదు. ఏ చేతికి ఏది పొసగుతుందో తెలుసుకొనడానికి భౌతికశాస్త్రంలో రెండు పాఠాలు చాలును: బిగించిన తీగ కంపించే తీరు ఒకటి, ఫారడే 1831లో కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణ రెండవది.

తీగ పొడవు

బేస్ గిటారుకు సాధారణంగా నాలుగు తీగలు. ఎక్కడా నొక్కకుండా మీటితే అవి సెకనుకు వరుసగా 41.2, 55, 73.4, 98 కంపనాలు చేస్తాయి. నిలువెత్తు డబుల్ బేస్‌కూ ఇవే శ్రుతులు. దాని తీగ పొడవు 41, 42 అంగుళాల దాకా ఉంటుంది. మోసుకొని తిరగడం కష్టం. పైగా డ్రమ్ముల మధ్య, విద్యుత్ గిటార్ల మధ్య దాని నాదం మునిగిపోయేది. అమెరికాలోని సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్ 1930లలోనే గిటారు వలె అడ్డంగా పట్టుకొనే విద్యుత్ బేస్ తయారుచేశాడు గాని అది వ్యాప్తిలోకి రాలేదు. ఒకప్పుడు రేడియో మరమ్మతు దుకాణం నడిపిన లియో ఫెండర్ 1951లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో ‘ప్రెసిషన్ బేస్’ను విడుదల చేశాడు. వీణకు ఉన్నట్లే దానికి మెట్లు ఉన్నవి కనుక వేలు కాస్త అటూ ఇటూ పడినా స్వరం కచ్చితంగా పలుకుతుంది. ఆ కచ్చితత్వమే దాని పేరు. తీగ పొడవు 34 అంగుళాలు. ఈనాటికీ అత్యధిక బేస్ గిటార్ల కొలత అదే.

తీగ కంపనాల సంఖ్య దాని పొడవుకు విలోమానుపాతంలోను, బిగువు యొక్క వర్గమూలానికి అనులోమానుపాతంలోను ఉంటుందని ఉన్నత పాఠశాల విద్యార్థులకు తెలుసును. కనుక అదే తీగను 34 అంగుళాలకు బదులు 30 అంగుళాల వాద్యానికి కట్టి అదే శ్రుతికి తెస్తే బిగువు పొడవుల వర్గాల నిష్పత్తిలో తగ్గుతుంది. 30ని 34తో భాగించి వర్గం చేస్తే 0.78 వస్తుంది. అంటే బిగువు నూటికి 22 వంతులు తగ్గిందన్నమాట. తీగ వేలి కింద మెత్తగా ఉంటుంది. మెట్ల మధ్య ఎడం కూడా తగ్గుతుంది. 34 అంగుళాల వాద్యం మీద మొదటి నాలుగు మెట్లు ఆక్రమించే స్థలం 178 మిల్లీమీటర్లు. 30 అంగుళాల దాని మీద 157. నాలుగు వేళ్లను చాచి పట్టే చేతికి ఈ రెండు సెంటీమీటర్లు చిన్న తేడా కాదు. చిన్న చేతులు గల పిల్లలు మణికట్టును బలవంతంగా మెలిపెట్టి పొడవైన వాద్యాన్ని లొంగదీయాలని చూడడంలో పౌరుషం ఉన్నదేమో గాని ప్రయోజనం లేదు.

పొట్టి వాద్యం పిల్లల ఆటవస్తువని కొందరి అభిప్రాయం. ఇది సరికాదు. పాల్ మెకార్ట్నీ 1961లో హాంబర్గ్‌లో కొన్న హోఫ్నర్ బేస్ 30 అంగుళాలదే. లోపల బోలుగా, వయొలిన్ ఆకారంలో, మిక్కిలి తేలికగా ఉంటుంది. బీటిల్స్ బృందంలో పాడుతూ వాయించిన వ్యక్తికి ఆ తేలికదనం ఎంత ఉపకరించి ఉంటుందో ఊహించవచ్చును. కాని పొట్టి వాద్యానికి ఒక పరిమితి ఉన్నది. బిగువు తగ్గిన తీగను గట్టిగా లాగి మీటే అలవాటు గలవారు వాయిస్తే అది ఎక్కువగా ఊగి మెట్లకు తగిలి గరగరమంటుంది. మెత్తని చేతికి అది తగును; మోటు చేతికి 34 అంగుళాలే నయం.

అయిదు తీగల వాద్యంలో అదనంగా చేరే మందపు తీగ సెకనుకు 30.9 కంపనాలే చేస్తుంది. అంత మందమైన తీగకు ఇనుప కడ్డీ లక్షణం కొంత అబ్బుతుంది. వంగడానికి నిరాకరించే ఆ బిరుసుతనం వల్ల పై కంపనాలు శ్రుతి తప్పి నాదం మసకబారుతుంది. అందుకే కొందరు తయారీదార్లు పొడవును 35 అంగుళాలకు పెంచి, బిగువును నూటికి ఆరు వంతులు హెచ్చించారు. ఆ తీగ అవసరం లేనివారు దాని బరువునూ మెడ వెడల్పునూ ఊరికే మోయనవసరం లేదు.

ఎక్కడ మీటుతారు, పికప్ ఎక్కడ వింటుంది

అసలు విషయం ఇక్కడ ఉన్నది. మీటిన తీగ ఒకే కంపనం చేయదు. మొత్తం తీగ ఒక్కటిగా ఊగే ప్రాథమిక కంపనంతో పాటు దానికి రెండు రెట్లు, మూడు రెట్లు, నాలుగు రెట్ల వేగంతో భాగాలుగా కూడా ఊగుతుంది. వీటిని అనుస్వరాలంటారు. వీటి పాళ్లను బట్టే ఒక నాదం గుండ్రంగా, మరొకటి పదునుగా వినబడుతుంది.

ఆ పాళ్లను మొదట నిర్ణయించేది మీటే చోటు. 34 అంగుళాల తీగను బ్రిడ్జి నుండి నాలుగవ వంతు దూరంలో, అంటే ఎనిమిదిన్నర అంగుళాల వద్ద మీటితే, తీగ వేగం లెక్కలో మూడవ అనుస్వరం ప్రాథమికంలో మూడింట ఒక వంతు ఉంటుంది. అదే చేతిని బ్రిడ్జి వైపు జరిపి పదవ వంతు దూరంలో, మూడున్నర అంగుళాలకు కాస్త తక్కువలో మీటితే అది ప్రాథమికంలో ఎనిమిదింట ఏడు వంతులకు పెరుగుతుంది. వాద్యం మారలేదు, తీగ మారలేదు. చేయి అయిదంగుళాలు జరిగింది. మీటే వస్తువు కూడా లెక్కలోకి వస్తుంది. వేలి కొన వెడల్పు, మెత్తన. అది సన్నని కంపనాలను అణచివేస్తుంది. ప్లాస్టిక్ మీటుబిళ్ల వాటిని నిలబెడుతుంది.

ఇక పికప్ సంగతి. అయస్కాంతం చుట్టూ వేలకొద్దీ చుట్లు చుట్టిన సన్నని రాగితీగే పికప్. పైనున్న ఉక్కుతీగ కంపించినప్పుడు చుట్ట గుండా పోయే అయస్కాంత అభివాహం మారి చుట్టలో విద్యుచ్ఛాలక బలం పుడుతుంది. ఆంప్లిఫయరుకు చేరేది అదే. పికప్ గాలిలోని శబ్దాన్ని వినదు. తన ఎదుట ఉన్న తీగ ముక్క కదలికను మాత్రమే గమనిస్తుంది. చెక్క జాతి గురించి దుకాణాలలో సాగే చర్చ అంతా దీని ముందు చిన్నది. చెక్క ప్రభావం బొత్తిగా లేదని కాదు. పికప్ స్థానం, తీగ రకం, మీటే చోటు చేసే మార్పులతో పోలిస్తే దానిది చివరి స్థానం.

పికప్ బ్రిడ్జి నుండి తీగ పొడవులో ఆరవ వంతు దూరంలో ఉన్నదనుకొందాం. ప్రెసిషన్ బేస్‌లో అది ఇంచుమించు అక్కడే ఉంటుంది. అక్కడ మూడవ అనుస్వరం గరిష్ఠంగా ఊగుతుంది. ప్రాథమికం దానిలో సగం కొలత మాత్రమే ఊగుతుంది. ఆరవ అనుస్వరానికి అది అస్పందన స్థానం కనుక పికప్‌కు అది అందనే అందదు. పికప్‌ను బ్రిడ్జికి మరింత దగ్గరకు జరిపితే ప్రాథమికం ఇంకా బలహీనపడి, పై అనుస్వరాలు పైచేయి అయి, ముక్కుతో పలికినట్లు పదునైన నాదం వస్తుంది. మెడ వైపు జరిపితే గుండ్రని నాదం. మెట్టు నొక్కినకొద్దీ తీగ పొట్టిదవుతుంది, పికప్ కదలదు కనుక ఈ నిష్పత్తి మారుతూ ఉంటుంది. పన్నెండవ మెట్టు వద్ద ఆరవ వంతు కాస్తా మూడవ వంతు అవుతుంది. ఒకే తీగ మీద కింది స్వరాలకూ పై స్వరాలకూ గొంతు వేరుగా ఉండడానికి ఇదొక కారణం.

ఫెండర్ కంపెనీ 1960లో తెచ్చిన జాజ్ బేస్‌కు రెండు పికప్‌లు, పైభాగంలో సన్నని మెడ. రెండింటి పాళ్లను మీటలతో మార్చవచ్చును. ఏ శైలి తనదో ఇంకా తేల్చుకొనని విద్యార్థికి ఈ రకం అనుకూలం. తన శైలి తెలిసినవానికి ఒక్క పికప్ చాలునని పెద్ద వాద్యకారులే నిరూపించారు. 1960లలో డిట్రాయిట్‌లోని మోటౌన్ సంస్థ పాటలకు వాయించిన జేమ్స్ జేమర్సన్ ఒక్క చూపుడువేలితో మీటేవాడు. అతనిది 1962 నాటి ప్రెసిషన్ బేస్. తీగలు చదునైన లోహపు పట్టీ చుట్టినవి. వాటి నునుపు వల్ల పై అనుస్వరాలు తగ్గి నాదం గుండ్రంగా, పొట్టిగా తేలుతుంది. గాయకుని అడ్డగించకుండా పాటను నడపదలచిన చేతికి ఈ కూర్పును మించినది అరుదు.

లారీ గ్రాహం పద్ధతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. తల్లితో కలిసి వాయించే రోజులలో డ్రమ్ములు లేని లోటు పూడ్చడానికి బొటనవేలితో తీగను మెట్ల మీదికి కొట్టి, మరొక వేలితో సన్నని తీగను లాగి వదిలేవాడు. దెబ్బకు తీగ మెట్లకు తగిలినప్పుడే అధిక అనుస్వరాలు పుడతాయి. కనుక ఈ పద్ధతికి గుండ్రని సన్నతీగ చుట్టిన బేస్ తీగలు, మెట్లకు దగ్గరగా ఉండే అమరిక, లాగే వేలు దూరడానికి తీగల నడుమ చోటు కావాలి. బ్రిడ్జి వద్ద 19 మిల్లీమీటర్ల ఎడం ఇందుకు సౌకర్యం. అయిదు తీగల వాద్యాలు అనేకం 17 దగ్గరే ఆగుతాయి. వాటి మీద వేళ్లు ఇరుకున పడతాయి.

మెట్లు లేని బేస్ మరొక దారి. జాకో పాస్టోరియస్ వాయించినది మెట్లు తీసివేసి, గాడులు పూడ్చి, పలక మీద ఎపాక్సీ పూత పూసిన జాజ్ బేస్. 1976లో వెలువడిన అతని తొలి రికార్డు తరువాత ఆ పాడే నాదం లోకమంతా పాకింది. గమకం, జారుడు ప్రాణమైన కర్ణాటక సంగీతం నేర్చినవారికి ఈ వాద్యం మీద మనసు పోవడం సహజం. అయితే వెల కూడా తెలియాలి. మెడ మొదట్లో ఒక అర్ధస్వరానికి 48 మిల్లీమీటర్ల స్థలం ఉన్నది. అక్కడ 5 మిల్లీమీటర్ల పొరపాటు అర్ధస్వరంలో పదవ వంతు. పన్నెండవ స్థానం వద్ద అదే పొరపాటు అయిదవ వంతు అవుతుంది. అది చెవికి గుచ్చుకుంటుంది. వయొలిన్ సాధన చేసినవారికి ఇది కొత్త కాదు. మొదటిసారి తీగవాద్యం పట్టినవారు మెట్లున్నదానితో ఆరంభించడమే మేలు.

దుకాణంలో

అంగడిలో చిన్న స్పీకరుకు కలిపి వినిపించే నాదాన్ని నమ్మరాదు. అరచేయి వెడల్పు స్పీకరు 41 కంపనాలను పలికించలేదు. అయినా ఆ స్వరం వినబడినట్లే తోస్తుంది. 82, 123 కంపనాల అనుస్వరాలను బట్టి చెవే మూలస్వరాన్ని పూరించుకొంటుంది. అంతేకాక మెల్లగా వాయించినప్పుడు మంద్రస్వరాలకు చెవి మందగిస్తుందని ఫ్లెచర్, మున్సన్ 1933లోనే కొలిచి చూపారు. కనుక తాను వాయించబోయే సభ మోతకు దగ్గరగా, పెద్ద స్పీకరులో వినాలి.

మన దేశానికే ప్రత్యేకించి ముఖ్యమైన పరీక్ష ఒకటి ఉన్నది. ఇక్కడి కరెంటు సెకనుకు 50 ఆవర్తాలు. ఒంటి చుట్ట పికప్ పరిసరాలలోని కరెంటు తీగల అయస్కాంత క్షేత్రాన్ని కూడా గ్రహించి హుమ్మని మోగుతుంది. మందపు తీగ మూడవ మెట్టు మీద పలికే స్వరం 49 కంపనాలు, అంటే ఆ హుంకారానికి పక్కింటిది. రెండూ కలిసి సెకనుకొకసారి ఉబ్బి తగ్గే విస్పందనాలు పుట్టవచ్చును. రెండు చుట్టలను ఎదురెదురు దిశలలో చుట్టి, అయస్కాంత ధ్రువాలను కూడా తిప్పి కలిపితే హుంకారం కొట్టివేయబడి తీగ నాదం మిగులుతుంది. 1957 నుండి ప్రెసిషన్ బేస్‌లో ఉన్న రెండు ముక్కల పికప్ రహస్యం ఇదే. జాజ్ బేస్‌లో రెండు పికప్‌లను సమానంగా తెరచినప్పుడు మాత్రమే ఈ లాభం కలుగుతుంది. ఒక్కదానితో వాయించే అలవాటు గలవారు ట్యూబులైట్లు, పంకాలు తిరిగే గదిలోనే పరీక్షించడం మంచిది.

పాత వాద్యం కొనేవారు తీగను మొదటి మెట్టు వద్ద, చివరి మెట్టు వద్ద ఒకేసారి నొక్కి నడుమ సందు చూడాలి. కాగితం దూరేంత సందు చాలును. ఎక్కువైతే మెడ వంగినదని అర్థం. పన్నెండవ మెట్టుపై తీగను తాకీ తాకకుండా పలికించిన స్వరం, నొక్కి పలికించిన స్వరం ఒకటిగా ఉండాలి. పట్టీ వేసుకొని పది నిమిషాలు నిలబడితే బరువు ఎటు లాగుతున్నదో తెలుస్తుంది. నాలుగు కిలోల వాద్యం కూర్చున్నప్పుడు ఒకటి, నిలుచున్నప్పుడు మరొకటి. చివరగా సన్నని తీగ మీద నాలుగవ మెట్టు నుండి ఎనిమిదవ మెట్టు దాకా ఒక్కొక్క స్వరాన్ని మీటి, అది ఆగిపోయేదాకా వినాలి. ఎక్కడో ఒకచోట స్వరం తక్కినవాటికన్నా త్వరగా చచ్చిపోతుంది. ఆ స్వరపు కంపనాలు మెడ సహజ కంపనాలతో కలిసి, తీగలోని శక్తి మెడలోకి ఇంకిపోవడమే దీనికి కారణం. చెక్క మెడ గల వాద్యాలలో ఇది సాధారణమే. ఆ మెట్టు తాను నిలిపి వాయించే స్వరం మీద పడిందా లేదా అని మాత్రం చూసుకోవాలి.