వాహనముల పొగ పరీక్ష – మన పిల్లలు పీల్చు గాలి

మన పావగడ తాలూకాకు మూడు ప్రక్కల ఆంధ్రప్రదేశమే యున్నది. మడకశిరకును, హిందూపురమునకును, పెనుకొండకును, కళ్యాణదుర్గమునకును పోవు బస్సులు, లారీలు మన దారులవెంటనే నడచుచుండును. ముందు పోవు బండి కర్ణాటకమున నమోదైనది, వెనుక వచ్చునది ఆంధ్రమున నమోదైనది. పొగకు మాత్రము పొలిమేర లేదు. ఈ సంగతి నెఱిగియే కాబోలు, 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో ఒక రాష్ట్రమున పొందిన పొగ పరీక్షా పత్రము గడువు తీరువఱకు దేశమంతటను చెల్లునని విధించిరి. హిందూపురమున చేయించినను, తుమకూరున చేయించినను ఒకటే. "మాది ఆ రాష్ట్రపు బండి, ఇక్కడ మమ్ము అడుగరు" అను మాటకు చట్టమున చోటు లేదు.

కర్ణాటకమున జనులు దీనిని ఎమిషన్ టెస్ట్ అనియు, ఆంధ్రమున పొల్యూషన్ సర్టిఫికేట్ అనియు వాడుదురు. క్రొత్త బండికి నమోదైన నాటినుండి ఒక సంవత్సరము ఈ పత్రము అక్కఱలేదు. పిమ్మట పాత బండ్లకు ఆఱు నెలల కొకసారియు, భారత్ స్టేజి నాలుగు, ఆఱు ప్రమాణముల బండ్లకు ఏడాది కొకసారియు పరీక్ష జరుగవలెను.

పరీక్షలో ఏమి చేయుదురు? పెట్రోలు బండియైనచో, ఇంజను ఊరక తిరుగుచుండగా పొగగొట్టములో ఒక గొట్టమును దూర్చి, వెలువడు వాయువులో కార్బన్ మోనాక్సైడు నూటి కెంత యున్నదో, కాలక మిగిలిన ఇంధనపు ఆవిరి పది లక్షల కెన్ని వంతులున్నదో కొలుతురు. భారత్ స్టేజి నాలుగు ప్రమాణపు కారునకు కార్బన్ మోనాక్సైడు నూటికి 0.3 వంతులు మించరాదు. 2000 మార్చి తరువాత తయారైన పాత మోటారు సైకిలునకు 3.5 వఱకు అనుమతి కలదు. ఈ అంకె పెరిగినదనగా ఇంధనము సరిగా కాలుట లేదని అర్థము. గాలి వడపోయు ఫిల్టరు మూసికొనిపోయియుండవచ్చును, కార్బురేటరు అమరిక తప్పియుండవచ్చును. దానిని సరిచేయించినచో గాలియు బాగుపడును, పెట్రోలు ఖర్చును తగ్గును. డీజిలు బండికి పద్ధతి వేఱు. యాక్సిలరేటరును ఒక్కసారిగా త్రొక్కి, వెలువడిన పొగగుండ వెలుగును పంపి, ఆ పొగ ఎంత వెలుగును అడ్డగించినదో చూతురు.

కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హీమోగ్లోబినుతో అది ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు మించిన బలముతో కూడుకొనును. డీజిలు పొగ క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధక సంస్థ 2012లో నిర్ణయించినది. పిల్లలు తమ బరువునకు పెద్దలకంటె ఎక్కువ గాలి పీల్తురు. వారి ముక్కు పొగగొట్టపు ఎత్తునకు సమీపముననే యుండును. బడి ముందు ఇంజను ఆపక నిలిపిన బండ్ల నడుమ నిలుచు పసివారిని తలచుకొనుడు.

అమెరికాలో లాసేంజిలిసు నగరపు మంచువంటి పొగకు మోటారు బండ్లే ముఖ్య కారణమని హాగెన్‌స్మిట్ అను శాస్త్రజ్ఞుడు 1950 దశకపు మొదట నిరూపించెను. న్యూజెర్సీ రాష్ట్రము 1974లోను, కాలిఫోర్నియా 1984లోను ఇట్టి పరీక్షలను ఆరంభించినవి. తరువాత డెన్వరు విశ్వవిద్యాలయపు స్టెడ్మన్ రోడ్డుపై పోవు బండ్ల పొగను దూరమునుండి కొలిచి, కార్బన్ మోనాక్సైడులో దాదాపు సగము పదింట ఒక వంతు బండ్లనుండియే వచ్చుచున్నదని కనుగొనెను. అనగా అందఱు బండ్లవారును దోషులు కారు. ఆ కొద్ది బండ్లను పట్టుటయే పరీక్షయొక్క అసలు పని.

మన దేశమున ఈ పని సరిగా జరుగుచున్నదా? పూర్తిగా జరుగుట లేదనియే మా అభిప్రాయము. మన పరీక్షలో నైట్రోజను ఆక్సైడులను గాని, ఊపిరితిత్తుల లోతునకు చేరు సన్నని ధూళిని గాని కొలువరు. ఢిల్లీలో 2015 నుండి 2020 వఱకు హద్దు మించిన పొగ కల 1 లక్షా 8 వేల వాహనములకు సైతము పత్రములిచ్చినట్లు కాగ్ నివేదిక 2025లో బయటపెట్టినది. బండిని చూడకయే పత్రమిచ్చు చోట, ఆ కాగితమునకు కొన్న వెలకంటె ఎక్కువ విలువ లేదు. పత్రము లేకున్న 10,000 రూపాయల వఱకు జరిమానా యని 2019లో చట్టమును సవరించిరి. జరిమానా భయము పత్రమును కొనిపించును గాని ఇంజనును బాగుచేయింపదు.

పిల్లలను బడికి తెచ్చు వ్యానులు, ఆటోలు మన తాలూకాలో చాల కలవు. ఆ డ్రైవరన్నలను పత్రముపై గడువు తేదీని చూపుమని అడుగుటకు తల్లిదండ్రులు మొగమాటపడ నక్కఱలేదు. అంకెలను కూడ చూడుడు. అవి హద్దునకు చేరువగా నున్నచో మెకానిక్కునకు చూపుమని చెప్పుడు. విద్యుత్తుతో నడచు ఆటోలకైతే ఈ పరీక్షయే లేదు. మన తిరుమణి ప్రక్కన 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్తు తయారగుచుండగా, బడి పిల్లల ఆటో ఇంకను డీజిలుతోనే ఏల నడువవలెనో సంఘ సమావేశములలో చర్చింపదగును.